కల్లు కారిన ఖర్జూర చెట్టు

ఫుజైరా కొండల పక్కన ఒక ఖర్జూర చెట్టు తన కల్లు తానే తాగి, మత్తెక్కి, పట్టపగలు తూలి వంటపాక మీద పడింది. 2021 వేసవిలో జరిగిన సంగతి. పడబోయే ముందు గట్టిగా ఒకసారి త్రేన్చిందని కూడా అంటారు.

సరే, తాగిందన్న మాట కొట్టేయండి. చెట్టుకు నోరు లేదు. త్రేన్పు కోసం కూడా ఎవరూ పట్టుబట్టడం లేదు. కానీ కల్లు కారిన మాట నిజం, చెట్టు పడిన మాట నిజం. ఆ రెండింటికీ నడుమ లింబాద్రి అనే మనిషి ఇరుక్కుపోయిన మాట మరీ నిజం.

లింబాద్రిది కోరుట్ల పక్క పల్లె. వాళ్ల తాత, తండ్రి, పెదనాన్న అందరూ ఈత చెట్లు గీసి కల్లు తీసినవాళ్లే. నడక వచ్చిన వారానికే మా వాడు మోకు భుజాన వేసుకుని చెట్టెక్కాడని తల్లి చెప్పుకునేది. చెట్లెక్కే ఆ తాడు బరువు తెలిసినవాళ్లు మర్యాదకు తలూపేవాళ్లు. పెరిగి పెద్దవాడై, ఊళ్లో అందరిలాగే దుబాయ్ వచ్చాడు. మొదట జెబెల్ అలీలో ఒక గోదాములో పెట్టెలు మోశాడు. రేకుల కప్పు కింద, చూపు ఆనినంత మేర అట్టపెట్టెలే. ఎక్కడానికి ఒక్క చెట్టు లేదు. ఆ పని అతనికి సరిపడలేదు. తెలిసినవాళ్ల మాట సాయంతో ఫుజైరాలో ఒక అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, ఖర్జూర తోటలో కుదురుకున్నాడు. అక్కడ చెట్టెక్కే తాడును హాబూల్ అంటారు. దాన్ని చేతికివ్వగానే లింబాద్రి అటూ ఇటూ తిప్పి చూసి, "మా మోకుకు తమ్ముడే ఇది" అని నవ్వి, అందరూ చూస్తుండగానే చెట్టు నెత్తిన మొవ్వు దాకా పాకిపోయాడు. ఆ రోజు నుంచి తోటలో అతని పేరు కల్లోడు. ఆ పేరు వెటకారానికే పెట్టారు, అతను మాత్రం బిరుదులా మోశాడు.

తోట మధ్యలో అన్నిటికన్నా ముసలి చెట్టు ఒకటి ఉండేది. అర్బాబ్ తాత నాటిందట. పనివాళ్లు దాన్ని పెద్దాయన అనేవాళ్లు. పెద్దాయన నీడలోనే వంటపాక. ఆ పాకలో వండేవాడు మల్లేశ్. మెట్‌పల్లి వైపు మనిషి, గుండ్రటి బొజ్జ, గరిటెతో గిన్నె మీద దరువు వేస్తూ పాడనిదే పప్పు ఉడకనివ్వడు. మధ్యాహ్నాలు చెట్టు మొదలుకు ఆనించి వేసిన చెక్కబల్ల మీద నిద్రపోయేవాడు. వచ్చిన కొత్తలో లింబాద్రి జ్వరంతో మంచం పట్టినప్పుడు, గంజి కాచి చెంచాతో తాగించినవాడు మల్లేశే. అప్పటి నుంచి ఇద్దరూ అన్నదమ్ముల వరస.

తప్పు ఎక్కడ జరిగిందంటే, అంతకు ముందు చలికాలం రాబోయే రోజుల్లో. ఖర్జూర చెట్టు మొదట్లో పిలకలు వస్తాయి. వాటిని కోసి వేరే చోట నాటుతారు. కోసిన చోట మందు కలిపిన మట్టి మెత్తి మూసేయాలని ముదీర్, అంటే తోట మేనేజరు, గట్టిగా చెప్పాడు. లింబాద్రి పిలకలు చక్కగా కోశాడు. మట్టి మాత్రం మెత్తలేదు. బద్ధకం కాదు. గీత పని చేసే ఇంట్లో పుట్టినవాడు కోతను మూస్తాడా? గీసిన చెక్కు గాలికి ఉండాలి, దాన్ని రోజూ పలచగా చెక్కుకుంటూ పోవాలి, మూసేస్తే చెట్టు అలుగుతుంది. తండ్రి నేర్పిన మొదటి పాఠం అది. ఈత చెట్టుకు ఖర్జూరం చెల్లెలే కదా అనుకున్నాడు. పెద్దాయన మొదట్లో ఒక కోత, అరచేయంత వెడల్పున, తెరుచుకునే ఉండిపోయింది.

మళ్లీ ఎండలు ముదిరే వేళకు ఒక ఉదయం లింబాద్రి నీళ్ల పైపు లాక్కుంటూ వంటపాక వెనక నుంచి పోతూ ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. పైపు కింద పడేశాడు.

"మల్లిగా! ఇటు రా ఒకపాలి."

"ఏందన్నా, పప్పు మాడుతది."

"మాడనియ్. ముక్కు తెచ్చుకో."

మల్లేశ్ వచ్చి పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు. పులిసిన తీపి వాసన. పాత కోతలోంచి గోధుమ రంగు రసం నురగలు కడుతూ సన్నగా జారుతోంది. మల్లేశ్ వేలితో అద్ది నాలుక మీద రాసుకున్నాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఇది కల్లే! నువ్వచ్చినవని చెట్టు గుర్తువట్టింది."

"నోర్ముయ్. ముదీర్ చెవిల పడితే ఇద్దరి పని ఖలాస్."

నోరు మూసుకున్నారు గానీ, కోత కింద ఖాళీ నీళ్ల సీసా ఒకటి తాడుతో కట్టారు. పైన ఎండు మట్ట ఒకటి అడ్డం పెట్టారు. లింబాద్రి చెట్టుకు దండం కూడా పెట్టుకున్నాడు. గియ్యని చెట్టు కల్లివ్వడం వాళ్ల వంశంలో ఎవరూ చూడలేదు. పరాయి దేశంలో ఎల్లమ్మ తల్లి తనకు చూపిన దయ అనుకున్నాడు. సీసాలో నీరు మాత్రం ఊరి కల్లులా తెల్లగా లేదు. ఏదో కుళ్లిన వాసన అడుగున ఉంది. దేశం మారితే రంగు మారదా అని మల్లేశ్ సర్దిచెప్పాడు.

ముదీర్ భార్య కుబ్రా బేగం. కరీంనగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఫుజైరాలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేది. కరోనా వల్ల అప్పటికింకా ఆమె పాఠాలు ఇంటి నుంచే. తోట చివర వాళ్ల ఇంటి వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. అక్కడి మొక్కలకు నీళ్లు పట్టడం లింబాద్రి వంతు. ఒక రోజు పాఠం అయిపోయాక చూస్తే అతను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, పైపు నీళ్లు చెప్పుల్లోకి పోతున్నాయి.

"ఏమయ్యా లింబాద్రీ, చుప్కే చుప్కే క్లాస్ వింటున్నవా? ఫీజు కట్టాలె మరి."

"నాకేం సమజైతది టీచరమ్మా. పొద్దటి సంది గోడలు గోడలు అంటున్నరు, యాడ కడుతున్నరో అని."

ఆమె పకపకా నవ్వి, బల్ల మీది మైక్రోస్కోపు అతని వైపు తిప్పింది. కింద ఉల్లిపొర ఉంది. లింబాద్రి కన్ను ఆనించాడు. వరసగా గదులు. గది పక్కన గది, మధ్యలో గోడ. ఎక్కడా సందు లేదు.

"ఇది మా లేబర్ క్యాంపే కద టీచరమ్మా!"

"అచ్చం అదే. ఒక్కో రూముల ఒక ప్రాణం. ఆ గోడలే సెల్ వాల్. మన తెలుగు పుస్తకాలల్ల కణకవచం అంటరు. మనుషులకు, మేకలకు ఈ గోడలు లేవు, ఉత్త పల్చటి పొర. అందుకే మనకు ఎముకలు కావాలె. చెట్టుకు ఎముక యాడుంది? గోడల మీద గోడలు. లోపల నీళ్లు నింపుకుని బిగదన్నుకుని నిలబడతయ్."

"రూముల ఉన్నోడు సచ్చిపోతే?"

"గోడ ఉంటది. మాను లోపల నీళ్లు మోసే గొట్టాలన్నీ అట్లనే. ఉన్నోడు ఎప్పుడో పోయిండు. ఇల్లు మాత్రం పని చేస్తనే ఉంది."

లింబాద్రి తోట వైపు చూశాడు. తను రోజూ ఎక్కి దిగేది చనిపోయినవాళ్ల ఇళ్ల మీదా?

ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. కుక్కగొడుగుకూ గోడలుంటాయట, పురుగు వీపు మీది పెంకు ఉంటుందే, అలాంటి సామాను ఆ గోడల్లోనూ ఉంటుందట. పిండిని పులియబెట్టే ఈస్ట్‌కూ గోడ ఉందట. మరి కరోనాకో అని అడిగాడు. దానికి గోడా లేదు, ఇల్లూ లేదు, పరాయి ఇళ్లలో దూరి బతికేది అంది.

"టీచరమ్మా," అన్నాడు లింబాద్రి చివరికి, పైపు చూస్తూ. "గియ్యకముందే చెట్టు తనంతల తను రసం కారిస్తే మంచిదేనా?"

"తీపంతా గదుల లోపల ఉండాలె. బయటికి కారుతుందంటే గోడలు ఎవరో కూలగొడుతున్నట్టు. పులిసిన వాసన వస్తుందా?"

"అస్తది."

"ఏ చెట్టు?"

"మా ఊర్ల చెట్టు."

కుబ్రా బేగం అతని ముఖంలోకి చూసింది. ఇప్పుడు నవ్వడం లేదు. "ఊర్ల చెట్టు వాసన ఇక్కడిదాకా వచ్చిందా?" అంది.

అతను పైపు ముడవకుండానే వెళ్లిపోయాడు.

నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి మానుకు చెవి ఆనించాడు. మొదట తన గుండె చప్పుడే వినబడింది. ఊపిరి బిగబట్టాడు. అప్పుడు వినిపించింది. కరకర. ఆగి, మళ్లీ కరకర. మూసిన తలుపు వెనక ఎవరో తీరిగ్గా కూర్చుని పేలాలు నములుతున్నట్టు. ఒక్కరు కాదు. చెవి కాస్త పైకి జరిపితే అక్కడా, కిందికి జరిపితే అక్కడా. పిడికత్తితో కోతను తవ్వాడు. కత్తి వెన్నలోకి దిగినట్టు దిగింది. వెనకే చెయ్యి కూడా మణికట్టు దాకా లోపలికి పోయింది. తెల్లగా, కాళ్లు లేకుండా, బొటనవేలంత లావున ఒక పురుగు అరచేతిలోకి వచ్చి మెలికలు తిరిగింది. తల మాత్రం గట్టి గోధుమ రంగు. ఎర్రముక్కు పురుగు పిల్ల. ఊళ్లో ఆ పేరు విన్నాడు గానీ, అది కొబ్బరి రైతుల గొడవని పట్టించుకోలేదు. కోత వాసనకు తల్లి పురుగు వస్తుంది, ఆ పచ్చి గాయంలో గుడ్లు పెడుతుంది. అందుకే మట్టి మెత్తమన్నారు.

పైకి చూశాడు. మట్టలు పచ్చగానే ఉన్నాయి. మొవ్వులోని నడిమి ఆకు ఒక్కటే వంటపాక వైపు మెడ వాల్చింది.

ముదీర్‌కు చెప్పాలి. చెబితే వచ్చి చూస్తాడు. చూస్తే కోత కనబడుతుంది, కత్తి గాట్లు కనబడతాయి, సీసా ఆనవాళ్లు, మాను మీద తాడు ఒరుసుకున్న గుర్తు. ఆ తోటలో కల్లోడు అనే పేరున్న మనిషి ఒక్కడే. చెట్టును చంపి సారా తీస్తున్నాడంటే జైలు, ఆ తర్వాత ఇంటికి. చెప్పకపోతే? చెక్కబల్ల మీద బొజ్జ పైకెత్తి గుర్రుపెడుతున్న మల్లేశ్ వైపు చూశాడు. పడితే చెట్టు అటే పడుతుంది.

"తమ్మీ, పొయ్యి అవతలికి జరుపుకో. బల్ల గూడ."

"ఎందుకే?"

"చెట్టు లోపల ఏం లేదు. గోడలన్ని తిన్నయ్."

"చెట్ల గోడలేందన్నా?" మల్లేశ్ ఆవలించాడు. "నాకన్న ఎక్కువ తాగినట్టున్నవ్. మా అర్బాబ్ తాతనే పోయిండు గని పెద్దాయన పోలే."

లింబాద్రి సీసా ఊడదీసి పారేశాడు. మల్లేశ్ మళ్లీ కట్టాడు. లింబాద్రి కోతలో మందు పోశాడు, మట్టి కుక్కాడు. ఆ మట్టి, లోపలి నుంచి ఎవరో తోసినట్టు, మర్నాటికి కింద రాలి ఉంది, నమిలి ఉమ్మిన పీచుతో కలిసి. అటు పోయినప్పుడల్లా అతని చెవి దానంతటదే మాను వైపు తిరిగేది. రోజురోజుకూ కరకర పెరగలేదు, తగ్గసాగింది. అదే ఎక్కువ భయపెట్టింది. తినడానికి ఇంకేమీ మిగలనప్పుడు చప్పుడు ఆగిపోతుంది.

శుక్రవారం. నమాజు నుంచి వచ్చినవాళ్లు, రానివాళ్లు అందరూ వంటపాకలో బిర్యానీ ముందు కూర్చున్నారు. గాలి అనేదే లేదు. కొండలు ఎండకు తెల్లబడి ఉన్నాయి. లింబాద్రి చేతులు కడుక్కుని వస్తుంటే టప్పుమని చప్పుడైంది, లావు తాడులో ఒక పేట తెగినట్టు. పాకలో ఎవరికీ వినబడలేదు. మల్లేశ్ దరువు వేస్తున్నాడు.

"లేవుండ్రి! చెట్టు పడ్తది, లేవుండ్రి!"

తలలు పైకెత్తారు. పచ్చటి చెట్టు నిటారుగా నిలబడి ఉంది. నవ్వులు.

"కల్లోడికి ఎండ తగిలింది."

"అన్నా, ముక్క బెట్టమంటే పెడ్త గద, గింత నాటకమెందుకు?" అన్నాడు మల్లేశ్.

ఇంకొక పేట తెగింది. లింబాద్రి నోట్లోంచి, తను అనుకోని మాట ఒకటి గట్టిగా బయటికి వచ్చింది.

"మల్లిగానికి జరమున్నది! పొద్దటి సంది వాసన గూడ తెలుస్తలేదట! గా చేతులతోనే వండిండు!"

2021లో ఆ మాట విన్నాక బిర్యానీ ఎవరు తింటారు? కంచాలు ఎగిరాయి. ఒకడు కిటికీలోంచి దూకాడు. తలుపు తెరిచే ఉందన్న సంగతి వాడికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. క్షణంలో పాక ఖాళీ. గరిటె పట్టుకుని మల్లేశ్ ఒక్కడే నిలబడ్డాడు. లింబాద్రి వైపు అతను చూసిన చూపు తిట్టు కంటే చెడ్డది.

ముదీర్ మాస్కు సవరించుకుంటూ వచ్చి దూరం నుంచే జ్వరం చూసే యంత్రం చాపాడు. తెల్లవారినప్పటి నుంచి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నుదురు ఎలా ఉంటుంది? యంత్రం ఎర్రగా వెలిగి కీచుమంది. లింబాద్రి అబద్ధానికి అది సాక్ష్యం చెప్పింది.

"యల్లా, పద, పంపు రూములోకి. పాకకు తాళం," అన్నాడు ముదీర్.

తోట ఆ చివరనున్న పంపు గదిలో మల్లేశ్‌ను పెట్టారు. పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసుకుపోయారు. మర్నాడు పొద్దున లింబాద్రి టీ, రొట్టె తీసుకెళ్లి గడప దగ్గర పెట్టాడు.

"తమ్మీ."

టీ కప్పును గడప లోపలికి జరిపాడు.

"రొట్టె తిను."

"నీ రొట్టెల మన్నుబొయ్య." లోపల్నుంచి గొంతు. "నా చేతి కూడు ఇంక ఎవ్వడన్న తింటడా? నన్ను వాపస్ పంపుతరు. ఏం పాపం జేసిన్నే నీకు?"

లింబాద్రి చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే తోట మధ్య నుంచి చప్పుడు వచ్చింది. విరిగిన చప్పుడు కాదు. తడి గోనెసంచి ఒకటి నిలువునా చీలుతున్నట్టు, సాగి సాగి. త్రేన్పు అన్నది దీన్నేనేమో. ఆ తర్వాత రేకుల మోత. ఆ తర్వాత పక్షులు లేచిన చప్పుడు.

వంటపాక అప్పడంలా నలిగింది. బిర్యానీ దేకిసా పళ్లెంగా మారింది. మల్లేశ్ చెక్కబల్ల మీద, సరిగ్గా అతని బొజ్జ ఉండే చోట, పెద్దాయన మాను పడుకుని ఉంది. విరిగిన చోట లోపల చెట్టు లేదు. గోధుమ రంగు ముద్ద, ఆ ముద్దలో పీచును దారంలా చుట్టుకుని పడుకున్న పురుగుల గూళ్లు. పక్కనే, తాడుతో సహా, చెక్కుచెదరని నీళ్ల సీసా.

ముదీర్ దాన్ని బూటుతో కదిపాడు. "యే బోతల్ కిస్కా హై?"

చూపులు ఒక్కొక్కటే లింబాద్రి వైపు తిరగసాగాయి.

"మేరా," అంది కుబ్రా బేగం వెనక నుంచి. "పిల్లలకు చూపిద్దామని నేనే కట్టించిన. క్లాసుకు."

ముదీర్ భార్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె లింబాద్రి వైపు తిరగనే లేదు. వంగి ఆ ముద్దను చిటికెడు తీసుకుని వరండాలోకి నడిచింది. సాయంత్రం మొక్కలకు నీళ్లు పట్టడానికి పోయినప్పుడు వేలితో మైక్రోస్కోపు చూపించింది. అతను కన్ను ఆనించాడు. గదులు లేవు. తెగిన పోగులు, అక్కడక్కడ మొండి అంచులు.

"క్యాంపు ఏది టీచరమ్మా?"

"గోడలు పోయినంక క్యాంపు ఏముంటది?" అంది. కాస్త ఆగి, "మిగతా చెట్ల పిలకలు గూడ నువ్వే కోసినవా?" అని అడిగింది.

మల్లేశ్ పరీక్షలో ఏమీ లేదని తేలింది. వచ్చి తన బల్లను చూసుకున్నాడు. దాని మీది మానును చూసుకున్నాడు. నేల మీద కూలబడ్డాడు.

"అన్నా, నాకు జరం లేకుండె."

"లేకుండె."

"వాసన గూడ మంచిగనే వస్తుండె."

"ఎరుకే."

"అందరి ముంగట నన్ను రోగిని జేస్తివి గద."

"పీనుగువు గాకుంటె చాలనుకున్న."

మల్లేశ్ ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ తిట్టాడు. లింబాద్రి ఆ తిట్లు సగమే విన్నాడు. పెద్దాయనను ముక్కలు చేసి కాల్చేస్తున్నారు, పొగలో పులిసిన వాసన తోటంతా పరుచుకుంటోంది. అతను పక్క వరసలోని చెట్టు దగ్గరికి నడిచాడు. దాని మొదట్లో కూడా ఒక కోత, అరచేయంత, తెరిచే ఉంది. దాని పక్క చెట్టుకూ ఉంది. ఆ పక్కదానికీ. అన్నీ ఆకుపచ్చగా, నిటారుగా, బుద్ధిమంతుల్లా నిలబడి ఉన్నాయి. వాటి నీడల్లో పనివాళ్ల గదులు, పంపు రూము, టీచరమ్మ వరండా. లింబాద్రి మోకాళ్ల మీద కూర్చుని, మానుకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టాడు.

కరకర.

ఇదంతా ఈ మధ్య నేను బర్ దుబాయ్‌లో చీరల కొట్టు ముందు నిలబెట్టి లింబాద్రికి మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తే, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఒక్క రెప్ప వేయకుండా విన్నాడు.

"అన్ని అబద్ధాలు," అన్నాడు. "నేను ఫుజైరకే పోలే. గసొంటి చెట్టూ లేదు, టీచరమ్మా లేదు. మల్లేశ్ అనేటోడు ఎవ్వడో నాకు తెల్వది. అసలు నాకు చెట్టెక్కుడే రాదు."